పదో నంబరు పానా

ఉప్పు లేదన్న మాటైనా అనడం లేదే. చారులో వెయ్యలేదు, బెండకాయ వేపుడులో వెయ్యలేదు, ఆఖరికి మజ్జిగలో కూడా కావాలనే వెయ్యలేదు. అయినా మనిషి ముద్ద మీద ముద్ద కలుపుకుని, ఏదో మొక్కు తీర్చుకుంటున్నవాడిలా తినేస్తున్నాడు. ఇదే మనిషి ఏడాది కిందటైతే కంచాన్ని ఒక్క తోపు తోసి, వంటగదిలోకి వచ్చి, ఉప్పు డబ్బా మూత రాక దాన్ని చేసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ కొన్న పెళ్ళాన్నీ కలిపి తిట్టి, ఆ తిట్టడంలోనే ఒంటిచేత్తో తెరుచుకునే మూత ఒకటి ఊహించుకుని, అన్నం చల్లారిపోయాక గుర్తొచ్చి నవ్వేవాడు. ఆ నవ్వు ఎక్కడికి పోయింది? నవ్వు సరే, ఆ తోపు ఎక్కడికి పోయింది?

సంపూర్ణ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మనుషుల మనసుల మీద పరీక్షలు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఆదివారం పూట, ఇంట్లో, కట్టుకున్నవాడి కంచం మీద పరీక్ష పెట్టడం మాత్రం ఇదే మొదలు. ఫలితం ముందే తెలిసిన పరీక్ష ఎవరైనా ఎందుకు చేస్తారు? కోపం తెచ్చుకోడానికి చేస్తారు, అని తనే జవాబు చెప్పుకుంది.

"బావా, కూర ఎలాగుంది?"

"బావుంది," అన్నాడు సన్యాసిరావు.

"ఉప్పు సరిపోయిందా?"

అతను ముద్దని నోట్లో ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. అడిగారు కాబట్టి చూస్తున్నట్టు చూశాడు. "లేదనుకుంటానే. పర్లేదు, అయిపోవచ్చింది కదా."

పక్కనే కూర్చున్న ప్రణతి తన కంచాన్ని తల్లి వైపు జరిపింది. "నాకు మాత్రం ఎయ్యి అమ్మా. నేనింకా మనిషినే."

పదిహేనేళ్ళ పిల్ల. అందులో వెటకారం ఎంతో బెంగ ఎంతో ఆ పిల్లకే తెలియాలి. సన్యాసిరావు మెత్తగా నవ్వి చెయ్యి కడుక్కోడానికి లేచాడు. పెరట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. అతను దాని కిందే చెయ్యి పెట్టి, ఆ బొట్లతోనే ఓపిగ్గా చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ఇంట్లో సన్యాసిరావు కోపం తగలని వస్తువు లేదు. గాలికి కొట్టుకోని తలుపు, వాన చినుకు పడగానే దానంతట అదే చూరు కిందికి జారిపోయే బట్టల తాడు, గట్టు మీంచి నడిచిపోని గ్రైండరు, ఒక్కొక్క దాని వెనకా ఒక్కొక్క పోట్లాట ఉంది. తలుపు వేళ కంచాలు ఎగిరాయి. బట్టల తాడు వేళ సంపూర్ణ రెండు రోజులు పుట్టింటికి వెళ్ళింది. గాజువాక ఆటోనగర్లో అతనికి ఒక లేతు షాపు ఉండేది. బేరానికి వచ్చినవాళ్ళ మీద అరవడం వల్ల షాపు సరిగ్గా నడిచేది కాదు గాని, అరిచిన ప్రతిసారీ ఒక కొత్త వస్తువుకి బొమ్మ గీసేవాడు. ఒకటి పూర్తయ్యేలోగా ఇంకోటి గుచ్చేది. సగం చేసిన సామాన్లు షాపు వెనక గుట్టగా పడుండేవి. అది చూసినప్పుడల్లా, "నా బుర్రలో వంద ఉన్నాయే. నేను పోయేలోగా ఒకటైనా జనం చేతిలోకి రావాలి," అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం కోపం ఉండేది కాదు. భయం ఉండేది.

అందుకే కవ్వం సంగతి సంపూర్ణ నోట విన్నరోజునే, "నన్ను కూచోబెట్టు," అన్నాడు.

ఆమె పనిచేసే ప్రయోగశాల ఋషికొండ మీద, సముద్రం కనిపించే అద్దాల భవనంలో ఉంది. యంత్రానికి పెద్ద పేరేదో ఉంది గాని అందరూ కవ్వమనే అంటారు. కనిపెట్టిన డాక్టర్ భానోజీరావుగారే ఆ ముద్దుపేరు పెట్టారు. కొత్త వస్తువు తెలివిలోంచి పుట్టదు, చిరాకులోంచి పుడుతుందని ఆయన సిద్ధాంతం. ఎక్కడో ఏదో గుచ్చుతుంది. మాటలకి అందని చీకట్లో మనసు దాన్ని ఏళ్ళ తరబడి చిలుకుతూనే ఉంటుంది. చాలామందిలో ఆ వెన్న పైకి తేలకుండానే మనిషి వెళ్ళిపోతాడు. కవ్వం దాన్ని మాట కాకముందే పట్టుకుని, తెర మీద గీతలుగా పరుస్తుంది.

ఎదటి మనిషిని గిల్లడం సంపూర్ణ పని. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలకి మెత్తని పటకా కట్టి, వాళ్ళకి ఏది గుచ్చుతుందో ఆ మాట మెల్లగా అనాలి. గీతలు కదలగానే కాలి కింద ఉన్న పెడలు నొక్కాలి. నొక్కినంతసేపూ కవ్వం లాగుతుంది. కాలు తీస్తే ఊరికే చూస్తూ ఉంటుంది.

మొదటిసారి సన్యాసిరావు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది.

"బస్సు తలుపు," అంది.

"దాని సంగతెత్తకు! మొన్న ఒకావిడ వేళ్ళు పడి నలిగిపోతే ఆ డ్రైవరు ఎనక్కి తిరిగి చూళ్ళేదు. తలుపుకి కళ్ళుండవా? అంచులో కొంచెం మెత్తదనం పెట్టి ఎముక తగిలితే ఆగిపోయేలాగ..."

తెర మీద గీతలు వరద నీళ్ళలా పరిగెత్తాయి. ఆమె పెడలు నొక్కింది. భానోజీరావుగారు చప్పట్లు కొట్టారు. అయ్యాక సన్యాసిరావు పటకా తీసి తల తడుముకున్నాడు. "ఏటే, తలకాయ తేలిగ్గా ఉంది? బొండాంలో నీళ్ళు ఎవరో తాగేసినట్టు."

అందరూ నవ్వారు. సంపూర్ణ కూడా నవ్వింది.

నిజంగానే వస్తువులు వచ్చాయి. ఎముక తగిలితే ఆగిపోయే తలుపు వచ్చింది, తుప్పు తినని కుళాయి వాషరు వచ్చింది. బస్సులో అతను ఆ తలుపు అంచుని వేలితో నొక్కి చూసుకుని పసివాడిలా సంబరపడ్డ రోజు ఉంది. ఇంట్లో కంచాలు ఎగరడం మానేశాయి. సంపూర్ణకి పెళ్ళయ్యాక మొదటిసారి ఒళ్ళెరగని నిద్ర పట్టింది. పక్కింటివాళ్ళు, "మీ ఆయన్ని ఏ స్వాములారికి చూపించారమ్మా?" అని అడిగారు. ఆ నిద్ర ఎంత బావుందో తల్చుకుంటే ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండుతుంది.

వరసగా కూర్చున్నాడు. ఒక్కొక్క గుచ్చు ఒక్కొక్కటే ఖాళీ అయింది. కుళాయి గురించి ఇచ్చేశాక ఏ కుళాయి ఎంత కారినా అతనికి పట్టలేదు. షాపు తాళం తియ్యడం తగ్గించాడు, తరవాత మానేశాడు. బేరానికి ఎవరైనా ఇంటికొస్తే, "ఉన్నదాంతో సర్దుకుపోండి," అని కాఫీ ఇప్పించి పంపేవాడు.

బట్టలు నానబెడుతూ చొక్కా జేబు తడిమితే ఒక రోజు ఆమె చేతికి పానా దొరికింది. పదో నంబరు పానా. ప్రణతి కాలి ఇనప పట్టీ కోసం అతనే దాని పిడి కురచగా కోసి, మూతి అరగదీసి చేసుకున్నాడు.

ప్రణతికి మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఎడమకాలి బలాన్ని లాక్కుపోయింది. తొడ నుంచి మడమ దాకా ఇనప పట్టీలు, మోకాలి దగ్గర ఒక మడత బందు. అది నిలబడితే బిగుసుకుంటుంది, కూర్చోవాలంటే చేత్తో ఎత్తి వదలాలి. అందుకని పిల్ల కాలు కర్రలా చాపి నడవాలి. అడుగు పడ్డప్పుడల్లా బందు టక్కుమంటుంది. ఆ టక్కు విన్నప్పుడల్లా సన్యాసిరావు తల ఎత్తేవాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, లేని మర ఒకదాన్ని గాల్లో తిప్పుతుండేవాడు. "బరువు పడితే బిగుసుకోవాలి, తీస్తే వదిలెయ్యాలి. అంతే కదా! ఇంత చిన్న సంగతి ఈ ఇనపముక్కకి అర్థం కాదేటి?" అని పట్టీ మీద అరిచేవాడు. షాపు వెనక గుట్టలో సగం ఆ బందులే. బడికి వెళ్ళేముందు రోజూ పిల్ల కుర్చీలో కూర్చుని కాలు చాపేది. అతను నేల మీద కూర్చుని, బందు నట్టుని ఆ పానాతో ఎంతవరకు తిప్పాలో అంతవరకు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, లేచేవాడు. ఆ ఇంట్లో పూజ లాంటిది ఏదైనా ఉంటే అదే.

"బావా, పానా జేబులో మర్చిపోయావు," అంది సంపూర్ణ ఆ రోజు, తడి చేత్తో అందిస్తూ.

"ఎక్కడో పెట్టెయ్," అన్నాడు అతను.

ఎక్కడో పెట్టలేదు ఆమె. చేతిసంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో, మనసుల గురించి అంత చదువుకున్న మనిషి, తనని తాను అడగలేదు. అప్పణ్ణించి సంచి భుజం మీద బరువుగానే ఉంది.

ప్రయోగశాలలో గురువారం గురువారం చేట జరుగుతుంది. పూర్ణా మార్కెట్లో కొన్న వెదురు చేట, పసుపు రాసినది, బల్ల మధ్యలో పెడతారు. ఆ వారం లాగిన ఆలోచనలు చీటీల మీద ఉంటాయి. భానోజీరావుగారు ఒక్కొక్కటే చదువుతారు. అయిదుగురు పెద్దలు పనికొస్తుందంటే చీటీ చేటలో ఉంటుంది. రాదంటే ఆయన చూపుడువేలితో టప్పున మీటుతారు. అది ఎగిరి నేల మీద పడుతుంది. మీటడంలో ఆయనకి మంచి ఒడుపుంది. నిలిచినవాటిని కింది అంతస్తులో కుర్రాళ్ళు వస్తువులుగా పెంచుతారు. పడ్డవాటిని సాయంత్రం ఊడ్చేస్తారు. వందలో మూడో నాలుగో నిలిస్తే గొప్ప.

పడ్డ చీటీ గురించి సంపూర్ణ ఎప్పుడూ ఆలోచించలేదు, మద్దిలపాలెం బస్టాపులో రత్నకుమారి కనిపించేదాకా.

రత్నకుమారి బడిలో పంతులమ్మ. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేక, నీళ్ళు లేక, పెద్దపిల్లలు నెలకి నాలుగు రోజులు బడి మానేస్తున్నారని ఆవిడ కలెక్టరు దాకా వెళ్ళి కేకలేసిన మనిషి. కుర్చీలో కూర్చుని నీళ్ళతో పనిలేని దొడ్డి ఒకటి, లోపలివాళ్ళు తప్ప ఎవరూ తియ్యలేని తలుపు ఒకటి ఇచ్చింది. "ఇది తప్పకుండా నిలుస్తుందమ్మా," అన్నారు భానోజీరావుగారు. చేటలో, కొనేవాళ్ళెవరు, అన్నారు పెద్దలు. టప్పున మీటారాయన.

"మీ బడిలో ఆ దొడ్డి సంగతి ఏమైందండీ?" అని అడిగింది సంపూర్ణ.

"ఏ దొడ్డి?" అంది రత్నకుమారి. గుర్తొచ్చాక నవ్వింది. "అలాగే ఉందమ్మా. పిల్లలు అలవాటు పడిపోతారు. మనం పడలేదేటి?"

ఎంత మంచి నవ్వో అది. ముడతల్లేని, మెరిసే, ఇస్త్రీ చేసిన నవ్వు. దొడ్డి అలాగే ఉంది. తలుపు అలాగే ఉంది. దాన్ని చూసి మండిపోవలసిన మనిషి మాత్రం లేదు. బస్సు వచ్చింది. అది సన్యాసిరావు తలుపున్న బస్సే. సంపూర్ణ దాన్ని ఎక్కలేకపోయింది. నడుచుకుంటూ వెళ్ళిపోయింది, ఎండలో, చెప్పులు నేలకేసి కొట్టుకుంటూ.

ఆ మర్నాడే భానోజీరావుగారు ఆమెని గదిలోకి పిలిచారు.

"రా తల్లీ, కూచో. నీ మొగుడు మహానుభావుడమ్మా. ఇన్నాళ్ళూ మనం తీసింది మీగడే. వెన్నముద్ద ఇంకా అడుగునే ఉంది." ఆయన తెర మీద ఒక నల్లటి ఉండ చూపించారు. "ఇది చూడు. ఎన్నేళ్ళ నాటిదో! ఇంత పెద్దది నా జన్మలో చూళ్ళేదు."

"అది మా అమ్మాయి కాలు సార్," అంది సంపూర్ణ.

"తెలుసమ్మా. తెలిసే పిలిచాను. దేశంలో అలాంటి కాళ్ళు ఎన్నున్నాయో తెలుసునా? దానంతట అదే మడుచుకునే బందు. పిల్లలు బడి మెట్లు ఎక్కుతారు. సైకిలు తొక్కుతారు. మీ ఆయన ఇన్నేళ్ళుగా చేత్తో చేస్తున్నాడు, ఏదీ? మనకి ఒక్క పూట చాలు."

అదే ఆమెని ఇంకా మండించింది, ఆ మాటలో అబద్ధం లేకపోవడం. అబద్ధమైతే ఎంత సులువుగా ఉండేది.

"చేటలోంచి పడిపోతే?"

"పడదు."

"రత్నకుమారి తలుపుకీ ఇదే మాటన్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గుచ్చు పోతోందనే కదా నీ బాధ? ముల్లు తీసేశాక నొప్పి పోవడం జబ్బటమ్మా?"

"ముల్లు తీస్తే నొప్పి పోతాది సార్. మీరు ముల్లు తియ్యట్లేదు. అది అక్కడే ఉంది. నొప్పి మాత్రం పట్టుకుపోతున్నారు."

గొంతు పైకి లేచింది. పక్క గదిలో కీబోర్డుల చప్పుడు ఆగింది. భానోజీరావుగారికి కోపం రాలేదు. ఆయనకి ఎప్పుడూ రాదు. కనిపెట్టినవాడు కాబట్టి మొట్టమొదట కుర్చీలో కూర్చున్నది ఆయనే. ముందుకి వంగి, దయగా, ఆకలిగా, ఆమె నుదుటి వైపు చూశారు.

"బలే మండుతున్నావమ్మా! నువ్వూ ఒకసారి కుర్చీలో కూచోకూడదూ? ఇందులోంచి ఎంత మంచి వస్తువు వస్తుందో."

ఆమె లేచి వచ్చేసింది. కారిడారులో గోడకి చెయ్యి ఆన్చి నిలబడింది. నా కోపం కూడా వీళ్ళకి పాలే. నేను గుద్దినా చీటీ మీద రాసుకుంటారు.

సోమవారానికి ఏర్పాటైంది. సన్యాసిరావు ఒప్పుకున్నాడు. "అడిగారు కదే, ఇచ్చేద్దాం," అన్నాడు, పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగినట్టు. ఆమె కాదంటే ఇంకో గిల్లేవాళ్ళని కూర్చోబెడతారు. అతని గుచ్చు అతనిది, ఇవ్వడం అతని ఇష్టం. ఇదంతా ఆమెకి తెలుసు. తెలిసినవన్నీ వరసగా చెప్పుకుంటే కోపం ఎక్కడ పెట్టాలో తోచక ఇంకా పెరిగేది. మొగుడి మీద పెడదామంటే అక్కడ మనిషి లేడు. మెత్తటి దిండుని కొట్టినట్టుంటుంది.

ఉప్పు లేని ఆ ఆదివారం సాయంత్రం ప్రణతి పట్టీ విప్పి మంచం మీద పెట్టింది. బందు చుట్టూ పాత తువ్వాలు గుడ్డ బిగించి కట్టి ఉంది.

"ఈ గుడ్డేటే?"

"చప్పుడు రాకుండా."

"ఎప్పణ్ణించి?"

"ఎప్పణ్ణించో. నాన్న ఇంట్లో ఉంటే కడతాను." పిల్ల వేలితో గుడ్డ కొసని చుడుతూ, విప్పుతూ కూర్చుంది. "ఇదివరకు నట్టు బిగించేటప్పుడూ, బైటికెళ్ళినప్పుడూ విప్పేసేదాన్ని. ఇప్పుడు నట్టు ఒదులైంది కదా, ఎప్పుడూ ఉంచేస్తున్నాను."

"నట్టు ఒదులైందని నాన్నకి చెప్పలేదా?"

"నేనే బిగించుకుంటున్నానని చెప్పీసేను. సరేలే అన్నాడు."

"ఎందుకే అబద్ధం?"

ప్రణతి గుడ్డ కొసని వదిలేసింది. "కాలు నాకు నొప్పెట్టదమ్మా. టక్కుమన్నప్పుడల్లా నాన్న తలెత్తి చూస్తాడు చూడు, అది నొప్పెడతాది. నేను నడిస్తే ఆయన మొహంలో ఏదో పడి పగిలినట్టుంటాది. చిన్నప్పణ్ణించీ అంతే. అది పోతాదంటే పోనీ అమ్మా. ఇచ్చీమను. బోల్డుమంది పిల్లలకి కూడా వస్తాది కదా."

ఇన్నాళ్ళూ సంపూర్ణ ఎంతో కష్టపడి కట్టుకున్న కోపం కోటకి ఈ పిల్ల పునాదిలో ఇటుక పీకింది. ప్రేమ అని తను అనుకున్నది, మోసినవాళ్ళకి ఎంత బరువో! తండ్రి చూపు తగలకుండా గుడ్డ కట్టుకుని నడిచింది, ఇన్నేళ్ళూ, ఇంత చిన్న ఇంట్లో, తన కళ్ళ ముందే. తను మనసులు చదివే మనిషి!

"ఆ చూపు పోయాక నీ వైపు చూసే చూపు వేరేది మిగులుతాదని ఎవరు చెప్పేరే నీకు?" అంది చివరికి, కరుకుగా. కరుకుగా అనాలని అనలేదు.

"ఇప్పుడు మాత్రం చూస్తున్నాడేటి?" అంది ప్రణతి చటుక్కున. అన్నాక తన మాటే తనకి గుచ్చుకున్నట్టు, పట్టీని ఒళ్ళోకి లాక్కుని మొహం అటు తిప్పుకుంది.

సోమవారం పొద్దున్న ఋషికొండ మీద ఎండ అద్దాల్లోంచి పడుతోంది. సన్యాసిరావు కుర్చీలో కూర్చుని, పటకా కట్టించుకుని, సముద్రాన్ని చూస్తున్నాడు. ప్రణతిని కూడా తీసుకురమ్మన్నారు, తలుపు పక్కన నిలబడి ఉంది. సంపూర్ణ తన పీట మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో ఉంది. కాలు పెడలు మీద ఆనించింది, నొక్కలేదు.

"ఈసారి మాటలొద్దు," అన్నారు భానోజీరావుగారు. "చప్పుడు కావాలి. అమ్మడూ, ఆ గుడ్డ విప్పెయ్యి. అటు గోడ దగ్గర్నించి ఇటు మీ నాన్న దగ్గరికి నడిచి రా. అంతే, బంగారు తల్లివి."

ప్రణతి తల్లి వైపు చూసింది. పిల్ల వంగి ముడి విప్పింది. బిగిసిపోయిన ముడి, పంటితో లాగవలసి వచ్చింది. తువ్వాలు ముక్క నేల మీద పడింది. గోడ దగ్గరికి వెళ్ళి ఇటు తిరిగింది.

టక్.

సన్యాసిరావు సముద్రాన్నే చూస్తున్నాడు. తెర మీద నల్లటి ఉండ కదల్లేదు. అయిపోయిందా, లాగకుండానే అయిపోయిందా, అనుకుంది సంపూర్ణ.

టక్. టక్, కటక్. ఒదులైన నట్టు ప్రతి అడుగుకీ రెండుసార్లు కొట్టుకుంటోంది.

అతని తల తిరిగింది. ముందు చెవి తిరిగినట్టు, తరవాత మిగతా మొహం వచ్చి దాన్ని కలుసుకున్నట్టు. నుదుటి మీద ఒక గీత పడింది. నెలల తరబడి ఇస్త్రీ బట్టలా ఉన్న నుదురు అది. ఒళ్ళో పడున్న కుడిచెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేరి, గాల్లో ఏదో తిప్పడం మొదలుపెట్టాయి.

తెర మీద ఉండ విచ్చుకుంది. లేతగా, పొగలా, ఒక బందు కనిపించింది. బరువు పడితే బిగుసుకుంటోంది, తీస్తే వదులుతోంది. ఎంత అందంగా ఉంది! ఇన్నేళ్ళ కంచాలూ కేకలూ కలిసి చెక్కిన వస్తువు.

"నొక్కమ్మా," అన్నారు భానోజీరావుగారు గుసగుసగా.

సంపూర్ణ తెరని చూడటం లేదు. మొగుడి మొహాన్ని చూస్తోంది. దవడ బిగిసింది. కణత మీద నరం ఉబ్బింది. ఆ నరాన్ని ఆమె ఎన్నిసార్లు తిట్టుకుంది! తిరిగొచ్చిన మనిషి, తలుపు దగ్గర నిలబడి, ఇంకా లోపలికి అడుగు పెట్టనివాడు. ఇప్పుడు తను కాలు నొక్కితే ఆ గడప మీద నుంచే వెళ్ళిపోతాడు.

నొక్కకపోతే? ఆ బందు ఎప్పటికి వస్తుంది? వస్తుందో రాదో. మెట్ల కింద ఆగిపోయే పిల్లలందరికీ ఏం చెబుతుంది? మళ్ళీ కంచాలు ఎగురుతాయి. మళ్ళీ నిద్ర ఉండదు. ఈ పిల్ల మళ్ళీ ఆ చూపు మొయ్యాలి. ఆమె దగ్గర ఉన్నదల్లా మంట.

"సంపూర్ణా! పెడలు! జారిపోతాదమ్మా!"

"ఆగవే!" అని అరిచాడు సన్యాసిరావు.

భానోజీరావుగారు ఉలిక్కిపడ్డారు. అరిచింది ఆయన మీద కాదు. ప్రణతి కుర్చీకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఆ నట్టు బిగించింది ఎవడే? నువ్వేనా? బిగించుకుంటున్నాను బిగించుకుంటున్నానంటే ఇదేనా బిగించడం? బండి ఇరుసులాగ ఊగుతోంది! మెట్ల మీద ఊడిపోతే ఏటవుతాది? పళ్ళు రాలతాయి!" పటకా కట్టి ఉందన్నది మర్చిపోయి ముందుకి వంగాడు. తీగలు సాగాయి. ఎడమచెయ్యి చొక్కా జేబు తడుముకుంది, పైజేబు, పక్కజేబు, మళ్ళీ పైజేబు. "పానా ఏదీ? నా పదో నంబరు పానా ఏదే? ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండి చావదు కదా!"

"మొదలెట్టేడు," అంది ప్రణతి. అని, మూతి ముడుచుకుని, వెనక్కి వెళ్ళలేదు. పక్కనున్న పీట లాక్కుని కూర్చుని, అలవాటు ప్రకారం కాలు చాపింది. బుగ్గల మీద కారుతున్నవాటిని తుడుచుకోలేదు.

"నొక్కు తల్లీ, ఇదే సమయం, ఇంతకంటే పైకి రాదు!" భానోజీరావుగారు తనే పెడలు వైపు వంగుతున్నారు.

సంపూర్ణ పెడలు మీంచి కాలు తీసింది. ఆయన చేతికి అందకుండా దాన్ని మడమతో పీట కిందికి తోసేసింది. సంచి జిప్పు లాగింది. నెలల తరబడి తన భుజాన్ని కోస్తున్న ఇనుముని బయటికి తీసి, గాల్లో మర తిప్పుతున్న ఆ రెండు వేళ్ళ మధ్యా పెట్టింది.